నాకు అకౌంటే లేదు, అయినా నా వివరాలు వాళ్ళ దగ్గర ఉన్నాయి: 128 రోజుల నా అనుభవం

ఫిబ్రవరి 4, మంగళవారం రాత్రి పదకొండు దాటాక ఆ మెయిల్ వచ్చింది. ఒక పెద్ద సోషల్ మీడియా కంపెనీ నుంచి. సబ్జెక్ట్‌లో మా అక్క పేరు, ఆమె మిమ్మల్ని ఆహ్వానిస్తున్నారు అని. తెరిస్తే ఆరు గుండ్రటి ఫొటోలు, వాటి పైన "వీళ్ళు మీకు తెలిసి ఉండవచ్చు" అని ఒక లైను. నాకు ఆ కంపెనీలో అకౌంట్ లేదు. ఎప్పుడూ లేదు. ఇంకే సోషల్ మీడియాలోనూ లేదు. ఎవరి మీదా కోపంతో కాదు, మొదటి నుంచీ నాకు అది వద్దనిపించింది, అంతే.

ఆరుగురిలో మొదటి ఫొటో అక్కది. ఆ తర్వాత ముగ్గురు ఆడవాళ్ళు. ఐదో ఫొటో ఆఫీసులో మా మేనేజర్‌ది. ఆరోది మేం నాలుగేళ్ళ క్రితం అద్దెకున్న ఇంటి ఓనర్‌ది.

ఆ ముగ్గురు ఎవరో చెప్తే తప్ప నేను ఎందుకు ఇంతగా కదిలిపోయానో అర్థం కాదు. మూడేళ్ళ కిందట, ఎనిమిదో నెలలో, మా పాప పోయింది. తర్వాత కొన్నాళ్ళకి, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు కలుసుకునే ఒక చిన్న గ్రూపులో చేరాను. ఆ గ్రూపు కోసమే ఒక మెయిల్ ఐడి పెట్టుకున్నాను, ఇంకెక్కడా వాడలేదు, బ్యాంకుకి కూడా ఇవ్వలేదు. ఈ ఆహ్వానం వచ్చింది ఆ ఐడికే. ఆ ముగ్గురూ ఆ గ్రూపులో నాతో పాటు కూర్చుని ఏడ్చిన వాళ్ళు. ఆఫీసులో అసలు ఏం జరిగిందో ఒక్కరికీ తెలియదు, ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టాను, తిరిగి వెళ్ళాక ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అలాంటిది మా మేనేజర్ ముఖం, వాళ్ళ ముఖాలు ఒకే వరసలో కనబడేసరికి నా చేతులు చల్లబడిపోయాయి. నేను ఎంత జాగ్రత్తగా విడివిడిగా ఉంచుకున్న రెండు ప్రపంచాల్ని ఎవరో నన్ను అడక్కుండా తీసుకెళ్ళి పక్కపక్కన కూర్చోబెట్టారు.

ఆ రాత్రి నిద్ర లేదు. మా ఆయన లేచి చూసి "స్పామ్ అయ్యుంటుంది, డిలీట్ చేసెయ్" అన్నారు. డిలీట్ చేయలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచి పని అదొక్కటే అనిపిస్తుంది, ఎందుకంటే తర్వాత నాలుగు నెలల్లో ప్రతి ఒక్కరూ అడిగింది ఆ మెయిలే. మీకూ ఇలాంటిది వస్తే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోకండి, మెయిల్‌ని మెయిల్‌గానే, దాని హెడర్‌తో సహా, అంటే ఆ మెయిల్ ఎక్కడి నుంచి ఏ దారిలో వచ్చిందో చూపే వివరాలతో సహా ఫైల్‌గా సేవ్ చేసుకోండి. ఇంకో సంగతి, మెయిల్‌లో ఉన్న ఆ ఫొటోలు లోడ్ అయితే మనం ఆ మెయిల్ తెరిచినట్టు పంపినవాళ్ళకి తెలిసే అవకాశం ఉంది. నాకది తర్వాత తెలిసింది. అడుగున "ఇలాంటి మెయిల్స్ వద్దనుకుంటే" అని ఒక లింకు ఉంటుంది, దాన్ని నొక్కితే మెయిల్స్ ఆగుతాయేమో గానీ వాళ్ళ దగ్గరున్న వివరాలు పోవు. నేను నొక్కలేదు.

పొద్దున్నే అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, నాకు ఇన్విటేషన్ పంపావా?"

"దేనికే? నేనేం పంపలేదు."

నిజంగానే ఆమె పంపలేదు. అది నాకు గొంతులోనే తెలిసింది. అప్పటికి ఆ మాట అక్కడ వదిలేశాను.

ఫిబ్రవరి 6న కంపెనీకి ఫిర్యాదు చేద్దామని కూర్చున్నాను. మొదటి గోడ అక్కడే తగిలింది. సహాయం పేజీలో ఏది నొక్కినా "లాగిన్ అవ్వండి" అంటుంది. నా సమాచారం చూడాలంటే లాగిన్ అవ్వాలి, ఎవరైనా వేధిస్తున్నారని చెప్పాలన్నా లాగిన్ అవ్వాలి. ఫోన్ నంబర్ ఎక్కడా లేదు. అకౌంట్ ఉన్నవాళ్ళు తమ డేటా డౌన్‌లోడ్ చేసుకోవడానికి ఒక బటన్ ఉంటుంది, మనలాంటి వాళ్ళకి ఆ బటన్ చూడ్డానికి కూడా తలుపు లేదు. రెండు సాయంత్రాలు, మొత్తం ఐదు గంటలు పైనే వెతికాను. చివరికి 9వ తేదీ ఆదివారం, ప్రైవసీ పాలసీ చదువుతూ చదువుతూ పోతే బాగా కింద ఒక వాక్యంలో "మా సేవలు వాడనివారు" అన్న మాట దగ్గర ఒక లింకు దొరికింది. అది తెరిస్తే చిన్న ఫారం. పేరు, మెయిల్, దేశం, ఏం కావాలో రాయడానికి ఒక పెట్టె.

ఆ పెట్టెలో ఏం రాయాలన్నది ముఖ్యం. నేను మూడే అడిగాను. ఈ మెయిల్ ఐడికీ నా ఫోన్ నంబర్‌కీ సంబంధించి మీ దగ్గర ఏముంది, అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి చూపించారు. ఆవేదనంతా రాసి మళ్ళీ చెరిపేశాను. పాప సంగతి రాయలేదు. వాళ్ళకి ఇంకో వివరం ఎందుకివ్వాలి?

వెంటనే ఆటోమేటిక్ జవాబు వచ్చింది, 30 రోజుల్లోపు స్పందిస్తామని. ఈ 30 రోజుల లెక్క ఎక్కడిదా అని చూస్తే, యూరప్‌లో 2018 మే నుంచి అమలులో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టంలో ఉంది. మనిషి తన గురించి ఏముందో అడిగితే నెలలోపు చెప్పాలి, వ్యవహారం చిక్కుగా ఉంటే మరో 2 నెలలు తీసుకోవచ్చు. ఆ చట్టం "అకౌంట్ ఉన్నవాళ్ళు" అనదు, "ఆ సమాచారం ఎవరిదో ఆ మనిషి" అంటుంది. సమాచారం ఆ మనిషి దగ్గర కాకుండా వేరేచోట తీసుకుంటే ఆ సంగతి వాళ్ళకి చెప్పాలని అందులో 14వ ఆర్టికల్‌గా వేరే నిబంధనే ఉంది. మీ దేశంలో గడువు వేరుగా ఉండొచ్చు, ముందు అది చూసుకోండి, ఎందుకంటే ఆ తేదీ దాటిందన్న ఒక్క మాటే తర్వాత మన చేతిలో ఉండే ఆయుధం.

ఫిబ్రవరి 13న మనిషి రాసినట్టున్న మొదటి జవాబు. గుర్తింపు కార్డు పంపమన్నారు.

ఇక్కడ నాకు నిజంగా దుఃఖం వచ్చింది. నాకు తెలియకుండా నా వివరాలు తీసుకున్నప్పుడు ఎవరూ ఏ కార్డూ అడగలేదు. అవి ఏమిటో చూపించమంటే మాత్రం నేను నేనే అని నిరూపించుకోవాలి, అదీ ఇంకో పత్రం వాళ్ళకి ఇచ్చి. నాలుగు రోజులు పంపాలా వద్దా అని ఊగాను. వాళ్ళ వైపు న్యాయం లేదని కాదు, ఎవరో నా పేరు చెప్పి నా వివరాలు అడిగితే ఇచ్చేయకూడదు కదా. చివరికి 17న, కార్డు మీద నంబర్, ఫొటో, అడ్రస్ నల్లగా కప్పేసి, పేరు మాత్రం కనిపించేలా పంపాను, మీద అడ్డంగా "ఈ ఒక్క అభ్యర్థన కోసమే" అని తేదీ వేసి రాశాను. దాంతో పాటు, "ఈ మెయిల్ ఐడి నుంచే రాస్తున్నాను, ఇది నాదే అనడానికి ఇంతకంటే రుజువు లేదు" అని కూడా రాశాను. ఒప్పుకున్నారు. అన్నీ కప్పినా ఒప్పుకుంటారని నేను అనుకోలేదు, కాబట్టి మీరూ ముందు కప్పే పంపండి.

మార్చి 3న వచ్చిన జవాబు ఇది. "మీరు ఇచ్చిన మెయిల్‌తో మా దగ్గర ఏ ఖాతా లేదు. మీ సమాచారం పొందాలంటే ఖాతా తెరిచి, సెట్టింగ్స్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు."

ఆ రెండో వాక్యాన్ని మూడుసార్లు చదివాను. ఖాతా తెరవమంటున్నారు. తెరిస్తే వాళ్ళ నిబంధనలకి ఒప్పుకున్నట్టు, అప్పటిదాకా నేను ఇవ్వని అనుమతి ఆ రోజు ఇచ్చినట్టు. కొందరు స్నేహితులు కూడా "ఒకసారి తెరిచి చూసి మూసెయ్" అన్నారు. దయచేసి ఆ పని చేయకండి. పైగా అకౌంట్ తెరిచినా, మన నంబర్‌ని వేరేవాళ్ళు అప్‌లోడ్ చేసిన వివరాలు ఆ డౌన్‌లోడ్‌లో ఉంటాయన్న గ్యారంటీ లేదు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, 2013 జూన్‌లో ఫేస్‌బుక్ తానే ఒక పొరపాటు బయటపెట్టింది. కొందరు తమ డేటా డౌన్‌లోడ్ చేసుకుంటే, అందులో వాళ్ళ కాంటాక్టుల ఫోన్ నంబర్లు, మెయిల్ ఐడిలు, ఆ మనుషులు ఎప్పుడూ ఇవ్వనివి కూడా వచ్చాయి. సుమారు 60 లక్షల మంది యూజర్ల వివరాలు అలా బయటపడ్డాయి. ఒకరి ఫోన్‌బుక్‌లోంచి నంబర్, ఇంకొకరి ఫోన్‌బుక్‌లోంచి మెయిల్ తీసి, ఇవి రెండూ ఒకే మనిషివి అని లోపల కలిపి పెడుతున్నట్టు అప్పుడే అందరికీ తెలిసింది. ఆ బయటపడిన వివరాల్లో అకౌంట్ లేనివాళ్ళ మెయిల్స్, నంబర్లు కూడా ఉన్నాయి. ఇలా తయారయ్యేదాన్ని షాడో ప్రొఫైల్ అంటారు. 2018 ఏప్రిల్ 11న అమెరికా కాంగ్రెస్‌లో బెన్ లుహాన్ అనే సభ్యుడు ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్‌ని దీని గురించే అడిగితే, సైన్ అప్ చేయనివాళ్ళ డేటా భద్రతా కారణాల కోసం సేకరిస్తామని ఒప్పుకున్నారు, షాడో ప్రొఫైల్ అన్న పేరు మాత్రం తనకు తెలియదన్నారు. అకౌంట్ లేనివాళ్ళు తమ డేటా చూడాలంటే ఏం చేయాలి అన్న ప్రశ్న ఆ గదిలోనే లేచింది. ఏడేళ్ళ తర్వాత నేను ఒక్కదాన్నే కూర్చుని అడుగుతున్నదీ ఆ ప్రశ్నే. ఆ వీడియో చూసినప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది, నాది వెర్రి అనుమానం కాదని.

మార్చి 5న మళ్ళీ రాశాను. "నేను ఖాతా గురించి అడగడం లేదు, నా గురించి అడుగుతున్నాను." నంబర్‌కి ఒక ఉత్తరం, మెయిల్ ఐడికి ఒక ఉత్తరం, వేరువేరుగా పంపాను, ఎందుకంటే రెండూ కలిపి అడిగితే ఒకదానికి జవాబిచ్చి రెండోది వదిలేస్తున్నారు. 30 రోజుల గడువు మార్చి 11న దాటింది. ఏమీ రాలేదు. ఆ మధ్యలో రోజూ పొద్దున లేవగానే ఆ ఇన్‌బాక్స్ తెరవడం అలవాటైపోయింది. ఒకప్పుడు గ్రూపు వాళ్ళు పాపల పుట్టినరోజులకి ఒకరికొకరం రాసుకునే ఉత్తరాల కోసం తెరిచే ఇన్‌బాక్స్ అది. ఇప్పుడు తెరవాలంటేనే టెన్షన్.

మార్చి 28న ఆఖరి జవాబు వచ్చింది. పొడవుగా ఉంది, మర్యాదగా ఉంది. సారాంశం ఏమిటంటే, మా సేవలు వాడేవాళ్ళు తమ కాంటాక్ట్‌లు అప్‌లోడ్ చేసుకుంటారు, అది వాళ్ళ సమాచారం, అది మీకు చూపిస్తే వాళ్ళ ప్రైవసీకి భంగం కలుగుతుంది, కాబట్టి చూపలేం.

అంటే నా ఫోన్ నంబర్ నాది కాదు, అది ఎవరి ఫోన్‌లో ఉంటే వాళ్ళది. నా పేరు పక్కన అది ఎవరు పెట్టారో అడిగితే, పెట్టినవాళ్ళని కాపాడుతున్నామంటారు. నన్ను ప్రేమించి నా నంబర్ దాచుకున్నవాళ్ళని తెచ్చి నాకూ నా వివరాలకీ మధ్య అడ్డుగోడగా నిలబెట్టారు. వాళ్ళలో ఒక్కరు కూడా నన్ను దాచిపెట్టమని ఆ కంపెనీని అడిగి ఉండరు. ఈ 128 రోజుల్లో నాకు అన్నిటికంటే కోపం తెప్పించిన జవాబు ఇది, ఇప్పటికీ తగ్గలేదు.

అదే జవాబు చివర ఒక లింకు ఇచ్చారు, ఖాతా లేనివాళ్ళు తమ నంబర్ లేదా మెయిల్ అప్‌లోడ్ అయ్యిందో లేదో చూసి, తీయించుకునే పేజీ. ఇది ముందే చెప్పి ఉంటే నాకు ఏడు వారాలు మిగిలేవి.

ఏప్రిల్ 2న ఆ పేజీ తెరిచాను. మొబైల్, ల్యాండ్‌లైన్, మెయిల్, ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోమంటుంది. నంబర్ కొట్టగానే ఒక కోడ్ వస్తుంది, అది ఎంటర్ చేస్తే ఫలితం చెప్తుంది. నా మొబైల్‌కి ఫలితం రావడానికి నిమిషం కూడా పట్టలేదు. ఉంది. మెయిల్ ఐడి ఉంది. ఆఫీసు మెయిల్ ఉంది. రెండేళ్ళ క్రితం వదిలేసిన పాత నంబర్ గురించి అడగలేకపోయాను, ఎందుకంటే కోడ్ ఆ నంబర్‌కే వెళ్తుంది, అదిప్పుడు ఎవరి చేతిలో ఉందో. ఈ చిక్కు మీకూ వస్తుంది, పాత నంబర్ వదిలేసే ముందే ఈ పని చేసుకోండి.

ఉంది అన్నాక "తొలగించి, బ్లాక్ చేయండి" అనే బటన్ ఉంటుంది. దాని పైన చిన్న అక్షరాల్లో ఇంకో మాట. మళ్ళీ ఎవరైనా అప్‌లోడ్ చేస్తే గుర్తుపట్టి ఆపడం కోసం, మీ నంబర్ కాపీ ఒకటి బ్లాక్ లిస్టులో ఉంచుకుంటాం, అందుకు ఒప్పుకోండి. నన్ను మర్చిపోవాలంటే నన్ను గుర్తుపెట్టుకోవాలంటున్నారు. సాంకేతికంగా చూస్తే వేరే దారి లేదని నాకూ తెలుసు, లిస్టులో లేని నంబర్‌ని ఎలా ఆపుతారు? అయినా ఆ బటన్ మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. నంబర్‌ని హ్యాష్ చేసి, అంటే గుర్తుపట్టలేని కోడ్‌గా మార్చి ఉంచుతాం కాబట్టి భయం లేదని కంపెనీలు అంటుంటాయి. ఫోన్ నంబర్ల విషయంలో ఆ మాట నమ్మలేం, ఎందుకంటే ఉండగలిగే నంబర్లు లెక్కకి అందేటన్నే, కంప్యూటర్‌తో అన్నిటినీ ఒక్కొక్కటిగా హ్యాష్ చేసి పోల్చి చూస్తే అసలు నంబర్ దొరికిపోతుంది. 2021 సెప్టెంబర్‌లో ఐర్లాండ్ డేటా రక్షణ సంస్థ వాట్సాప్‌కి 22.5 కోట్ల యూరోల జరిమానా వేసినప్పుడు, అందులో చర్చకొచ్చిన విషయాల్లో ఇదీ ఒకటి. యాప్ వాడని వాళ్ళ నంబర్లు ఇలా మార్చి ఉంచినా అవి వ్యక్తిగత సమాచారమే అని తేల్చారు. ఆ నిర్ణయం చదివాక కూడా బటన్ నొక్కాను. లేకపోతే రేపు ఇంకొకరి ఫోన్ నుంచి మళ్ళీ వెళ్తుంది.

ఏప్రిల్ 6, ఆదివారం అక్క ఇంటికి వెళ్ళాను. చెప్పడానికి కష్టంగా ఉన్న భాగం ఇదే.

ఆ ఆరుగురిని చూసినప్పటి నుంచీ ఒక ఆలోచన నన్ను వదల్లేదు. గ్రూపు వాళ్ళకి నా ఆ మెయిల్ ఐడి మాత్రమే తెలుసు. మేనేజర్‌కీ, పాత ఇంటి ఓనర్‌కీ నా ఫోన్ నంబర్ మాత్రమే తెలుసు. రెండూ కలిపి తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కరే ఉన్నారు. నేను హాస్పిటల్ నుంచి వచ్చి మంచం మీంచి లేవలేని రోజుల్లో ఆ గ్రూపు ఫారం నింపింది అక్కే. "నువ్వు పడుకో, నేను రాస్తాను" అని నా కోసం ఆ మెయిల్ ఐడి తెరిచిపెట్టింది కూడా అక్కే.

"అక్కా, నీ ఫోన్‌లో నా నంబర్ ఏ పేరుతో ఉందో చూపించవా?"

చూపించింది. "చిట్టి" అని ఉంది. దాని కింద నా రెండు నంబర్లు, ఒకటి పాతది. రెండు మెయిల్స్. పుట్టినరోజు. ఇంటి అడ్రస్. ఆఫీసు పేరు. నోట్స్ అనే చోట నా బ్లడ్ గ్రూపు, పెనిసిలిన్ పడదు అని. నాకు ఏదైనా అయితే పరిగెత్తడానికి రాసిపెట్టుకుంది. నా గురించి ఇంత శ్రద్ధగా ఎవరూ ఎక్కడా రాసి ఉండరు.

ఆ యాప్‌లో సెట్టింగ్స్ తెరిచి, కాంటాక్ట్స్ అప్‌లోడ్ అని ఉన్నచోటుకి వెళ్ళాం. ఆన్‌లో ఉంది. ఆరేళ్ళ క్రితం యాప్ వేసుకున్నప్పుడు ఏదో "కంటిన్యూ" నొక్కి ఉంటుంది, ఆమెకి గుర్తు కూడా లేదు. అప్‌లోడ్ అయిన వాళ్ళ జాబితా ఒకటి ఉంది, 412 పేర్లు. గ్యాస్ బాయ్, పిల్లల స్కూల్ ఆటో, కరెంటు పనిచేసే ఆయన, పళ్ళ డాక్టర్, ఎప్పుడో పక్కింట్లో ఉండి వెళ్ళిపోయినవాళ్ళు. కిందికి జరుపుతూ పోతుంటే ఒకచోట అక్క వేలు ఆగిపోయింది. "నాన్న" అని ఉంది. నాన్న పోయి ఐదేళ్ళు. ఆయన చేతిలో ఎప్పుడూ మామూలు బటన్ల ఫోనే ఉండేది, ఇంటర్నెట్ అంటే ఏమిటో కూడా తెలియదు.

అక్క ఏడ్చింది. "నేనే చేశానా ఇదంతా? మీ ఆఫీసాయనకి తెలిసిపోయిందా?" అంటూ. లేదక్కా, నువ్వు కాదు అని చెప్పడానికి చాలాసేపు పట్టింది. నిజానికి ఇలాగే జరిగిందని నేను రుజువు చేయలేను, కంపెనీ చూపించదు కాబట్టి నాది ఊహే. కానీ ఆరు ముఖాలకీ సరిపోయే దారి అదొక్కటే కనిపిస్తోంది. మా మేనేజర్‌కి ఏమైనా కనిపించిందా అన్నది ఇప్పటికీ తెలియదు. అడగలేను. అడిగితే నేనే చెప్పినట్టవుతుంది.

చేసిన పని చెప్తాను, మీ ఇంట్లోవాళ్ళ ఫోన్లలో కూడా చేయడానికి పనికొస్తుంది. అప్‌లోడ్ ఆఫ్ చేస్తే చాలదు, అది ఇకముందు వెళ్ళకుండా మాత్రమే ఆపుతుంది, ఇప్పటికే వెళ్ళినవి అలాగే ఉంటాయి. జాబితా పేజీలో "అన్నీ తొలగించు" విడిగా నొక్కాలి. ముందు ఆఫ్ చేసి తర్వాత తొలగించాలి, తిరగేసి చేస్తే మళ్ళీ ఎక్కేస్తాయి. ఆ తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆ యాప్‌కి కాంటాక్ట్స్ పర్మిషన్ తీసేయాలి. అదే కంపెనీ మెసేజింగ్ యాప్ ఇంకొకటి ఉంటే అందులో మళ్ళీ మొదటి నుంచి. బావగారి ఫోన్, మా మేనకోడలి ట్యాబ్, అన్నీ కలిపి మూడు గంటలు పట్టింది.

తర్వాతి రెండు వారాల్లో నా నంబర్ ఉండే 14 మందిని అడిగాను. తొమ్మిది మంది చేశారు, వాళ్ళలో నలుగురికి ఫోన్‌లో ఉండి చెప్పాను. ముగ్గురు సరే అని మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఒకరు "నా ఫోన్ నా ఇష్టం" అన్నారు, అది విని బాధపడ్డాను గానీ ఆవిడ తప్పని గట్టిగా అనలేకపోయాను. ఇంకొకరు, చిన్నప్పటి స్నేహితురాలు, "అంటే నేను నీ వివరాలు అమ్ముకున్నాననా?" అని నొచ్చుకుంది, ఇంకా సరిగా మాట్లాడటం లేదు. ఈ ప్రక్రియలో డబ్బు ఖర్చేమీ కాలేదు. ఖర్చయినవి ఇలాంటివే.

బ్రౌజర్ వైపు కూడా చూశాను, దాని గురించి ఎక్కువ చెప్పను. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి నెట్‌వర్క్ అనే ట్యాబ్ చూస్తే, మనం తెరిచిన పేజీ ఇంకా ఎవరెవరికి కబురు పంపుతోందో వరసగా కనబడుతుంది. నేను రక్తపరీక్షల రిపోర్టులు చూసుకునే ఒక వెబ్‌సైట్ తెరిచి చూస్తే అందులోంచి ఆ సోషల్ మీడియా కంపెనీ సర్వర్‌కి ఒక కబురు వెళ్ళింది. దీన్ని పిక్సెల్ అంటారు, అకౌంట్ ఉన్నా లేకపోయినా పనిచేస్తుంది. బెల్జియంలో 2015 నవంబర్‌లో ఒక కోర్టు, ఫేస్‌బుక్ అకౌంట్ లేనివాళ్ళని ఇలా కుకీలతో, అంటే వెబ్‌సైట్లు మన బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తులతో, వెంటాడటం 48 గంటల్లో ఆపాలనీ, లేదంటే రోజుకి 2.5 లక్షల యూరోలు కట్టాలనీ ఆదేశించింది, మరుసటి ఏడాది అప్పీల్‌లో అది ఆ కోర్టు పరిధిలోకి రాదని కొట్టేశారు. 2019 జులైలో మాత్రం యూరప్ న్యాయస్థానం, ఫేస్‌బుక్ లైక్ బటన్ పెట్టుకున్న వెబ్‌సైట్‌కి కూడా అలా డేటా పంపడంలో బాధ్యత ఉంటుందని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ప్రస్తావిస్తూ ఏప్రిల్ 22న ఆ రిపోర్టుల వెబ్‌సైట్ వాళ్ళకి రాశాను. జవాబు లేదు, కానీ మే నెల మధ్యలో చూస్తే ఆ కబురు ఆగిపోయింది. నా ఉత్తరం వల్లో కాదో తెలియదు. నేను ఇలా వెంటాడే ట్రాకర్లని ఆపే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి జోడించే చిన్న ప్రోగ్రామ్, వేసుకున్నాను, అది పది నిమిషాల పని.

మే 5న డేటా రక్షణ అధికారులకి ఫిర్యాదు పెట్టాను. ఇలాంటి ఆహ్వాన మెయిల్స్ మీద 2016 జనవరిలోనే జర్మనీ అత్యున్నత న్యాయస్థానం తీర్పు ఇచ్చిందని, యూజర్ల అడ్రస్ బుక్ నుంచి తీసి అకౌంట్ లేనివాళ్ళకి పంపే మెయిల్స్ అనుమతి లేకుండా పంపే ప్రకటనలే అని అందులో అన్నారని ఫిర్యాదులో రాశాను. తేదీలన్నీ ఒక పేజీలో వరసగా పెట్టాను, ప్రతి ఉత్తరం కాపీ జతచేశాను. ఫిర్యాదు రాయడానికి నాలుగు రాత్రులు పట్టింది. మే 19న ఫైల్ నంబర్ వచ్చింది. ఆ తర్వాత మౌనం.

గ్రూపు విషయం కూడా చెప్పాలి. నడిపే ఆవిడకి చెప్పాలా వద్దా అని నెలలు దాటేశాను, నా వల్ల వాళ్ళకి ఏదో అయిందన్న భావన. మే ఆఖరి సమావేశం అయ్యాక పక్కకి పిలిచి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"నాకూ వచ్చిందమ్మా అలాంటిది, అటు వైపు నుంచి" అన్నారు. ఆవిడకి అకౌంట్ ఉంది. జనవరి చివర్లో ఆ యాప్ ఆవిడకి "వీళ్ళని ఆహ్వానించండి" అని కొన్ని పేర్లు చూపించిందట, అందులో ఒక పేరు "చిట్టి". "ఎవరో చిట్టి అనుకున్నానమ్మా, మెయిల్ చూశాక నువ్వని తెలిసింది. నీకు చెప్తే బాధపడతావని ఊరుకున్నాను."

చిట్టి అని నన్ను పిలిచేది అక్క ఒక్కతే. ఆ పేరు అక్క ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా రాసి లేదు.

ఆవిడ ఆ రోజు తీసిన స్క్రీన్‌షాట్ ఇంకా ఉంది. వాళ్ళు చూపలేం అన్నది, ఆవిడ ఫోన్‌లో నాలుగు నెలలుగా ఉంది. జూన్ 2న దాన్ని ఫిర్యాదుకి జతచేసి పంపాను, మిగతా పేర్లన్నీ కప్పేసి, ఆవిడ అనుమతి రాతపూర్వకంగా తీసుకుని. ఈరోజు జూన్ 12. పొద్దున అధికారుల దగ్గర్నుంచి రెండు లైన్ల జవాబు వచ్చింది, అది అందిందని, ఫిబ్రవరి 4 నాటి అసలు మెయిల్ హెడర్‌తో సహా కావాలని. పంపేశాను. గ్రూపులో ఇప్పుడు సభ్యుల వివరాలు ఒక నోట్‌బుక్‌లో చేత్తో రాసి పెట్టుకుంటున్నాం, ఆ నోట్‌బుక్ ఆవిడ దగ్గర ఉంటుంది. కేసులో ఏం జరిగినా ఇక్కడే రాస్తాను.